గిటారు వినవచ్చిన జనం – శరణార్థులకు చేరిన సొమ్ము



మన ప్రత్యేక సంచికలో త్యాగయ్యగారి గురించో, కాకతీయుల కోటల గురించో వ్యాసం వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. రాక్ గిటారు కచేరీ గురించి అంటే మాత్రం "ఈయనకు ఈ వయసులో ఇదేం సరదా?" అనుకునేవారు ఉండవచ్చు. కాని 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కులో జరిగిన ఒక కచేరీ కథలో మన సితారు ఉంది, మన సరిహద్దు దాటి వచ్చిన కోటి మంది శరణార్థుల ఆకలి ఉంది, చివరకు మనందరికీ బాగా పరిచయమైన ఫైలు కూడా ఉంది. అందుచేత కాస్త ఓపికతో చదవవలసిందిగా మనవి.

వినపడని కచేరీలు

ఇంగ్లండులోని లివర్‌పూల్ నుంచి వచ్చిన బీటిల్స్ అనే నలుగురు కుర్రవాళ్ల బృందం 1960ల్లో ప్రపంచాన్ని ఊపివేసింది. అందులో అందరికంటె చిన్నవాడు, ప్రధాన గిటారు వాయించేవాడు జార్జి హారిసన్. ఎలక్ట్రిక్ గిటారు మన పెద్దలు అనుకున్నట్లు వట్టి మోత వాద్యం కాదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఉక్కు తీగ కదలగానే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫైయరు పెద్దది చేస్తుంది. స్వరం చాలాసేపు నిలుస్తుంది కాబట్టి తీగను పక్కకు లాగి స్వరాన్ని సాగదీయవచ్చు. వీణ మీద తీగ లాగి గమకం పలికించినట్లే. మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతంలోని గమకాలను పలికించింది ఇలాంటి ఎలక్ట్రిక్ వాద్యం మీదనే గదా!

అయితే బీటిల్స్ కచేరీలో ఆ గిటారు వినపడేది కాదు. 1965 ఆగస్టు 15న న్యూయార్కులోని షియా స్టేడియానికి సుమారు 55 వేల మంది వచ్చారు. వాళ్ల కేకల ముందు ఆనాటి లౌడ్‌స్పీకర్లు చాలలేదు. వేదిక మీద ఉన్నవారికే తమ పాట వినపడలేదు. అభిమాన నటుడి సినిమాకు మొదటి రోజు మొదటి ఆటకు వెళ్లినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు; ఈలల్లో డైలాగు ఒక్కటీ చెవిన పడదు. విసిగిపోయిన ఆ నలుగురూ 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి టిక్కెట్టు కచేరీ చేసి ఊరూరా తిరగటం మానేశారు. 1970లో విడిపోయారు. తమ అభిమాన గిటారు విద్వాంసుణ్ణి ఎదురుగా కూర్చుని ప్రశాంతంగా వినాలన్న కోరిక లక్షలాది మందికి కోరికగానే ఉండిపోయింది.

గురువు గారి మాట

1970 నవంబరు 12 రాత్రి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని తుపాను, ఉప్పెన ముంచెత్తాయి. మూడు నుంచి అయిదు లక్షల మంది మరణించారని అంచనా. ఏడేళ్ల తరువాత, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన చూసిన మనవారికి ఆ దృశ్యం ఎలాంటిదో తెలుసు. ఆ గాయం మానకముందే 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం అక్కడి ప్రజల మీద విరుచుకుపడింది. ఆ సంవత్సరాంతానికి సుమారు కోటి మంది భారతదేశానికి శరణార్థులై వచ్చారు.

ఆ భారం మన ఇళ్లకూ వచ్చింది. 1971 నవంబరు 15 నుంచి తపాలాకు అదనంగా 5 పైసల శరణార్థి సహాయ స్టాంపు అంటించవలసి వచ్చింది. మొదట్లో కుటుంబ నియంత్రణ స్టాంపుల మీదనే ఆ అక్షరాలు ముద్రించి ఇచ్చారు. డిస్పాచ్ సెక్షనులో పనిచేసినవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1973 మార్చి వరకు ఆ పద్ధతి సాగింది.

సితారు విద్వాంసుడు పండిత రవిశంకర్ కాశీలో పుట్టినా ఆయన పూర్వీకులది తూర్పు బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతం. హారిసన్ ఆయనకు శిష్యుడు. 1966లో మన దేశానికి వచ్చి సితారు నేర్చుకున్నాడు. 1971 వేసవిలో ఇద్దరూ అమెరికాలో ఉండగా రవిశంకర్ తన ఆవేదన చెప్పుకున్నారు. ఒక కచేరీ చేసి 25 వేల డాలర్లు పోగుచేయగలిగితే చాలునని ఆయన ఆలోచన. హారిసన్ దాన్ని తన భుజాన వేసుకున్నాడు. కొద్ది వారాల్లోనే టెలిఫోన్ల మీద టెలిఫోన్లు చేసి స్నేహితులను కూడగట్టాడు. పాత జట్టులోంచి డ్రమ్ము వాయించే రింగో స్టార్ ఒక్కడే వచ్చాడు. అరుదుగా తప్ప వేదిక ఎక్కని బాబ్ డిలాన్ వచ్చాడు. లియాన్ రస్సెల్, బిల్లీ ప్రెస్టన్ వచ్చారు. ఎరిక్ క్లాప్టన్ వస్తాడో రాడో చివరిదాకా ఎవరికీ తెలియదు.

ఆ రోజు రెండు ఆటలు

మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఆ పెద్ద హాలులో ఒకే రోజు మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి రెండు ఆటలు పెట్టారు. రెండింటికీ కలిపి సుమారు 40 వేల మంది వచ్చారు. ముందుగా హారిసన్ వేదిక మీదకు వచ్చి, మొదట భారతీయ సంగీతం ఉంటుందనీ, దానిని ఓపికతో వినాలనీ విజ్ఞప్తి చేశాడు. అభిమానులు తన కోసం వచ్చారని తెలిసినా ముందు పీట గురువుకే వేశాడు.

రవిశంకర్ సితారు, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా, కమలా చక్రవర్తి తంబురా. అలీ అక్బర్ ఖాన్ జన్మస్థలం కూడా తూర్పు బెంగాలే. వారు వాద్యాలు శృతి చేసుకోగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. శృతి చేయటమే ఇంతగా నచ్చితే అసలు వాద్యం ఇంకా బాగా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ చమత్కరించారు. తరువాత వారు బెంగాలీ జానపద బాణీలో ఒక ధున్ వాయించారు. దాని తరువాత శరణార్థుల దుస్థితి చూపే చిత్రం ప్రదర్శించారు. పాటల కోసం వచ్చిన కుర్రకారు ఆ పిల్లల ముఖాలు చూడక తప్పలేదు.

అప్పుడు తెల్ల సూటు వేసుకుని హారిసన్ గిటారుతో వచ్చాడు. అంత పెద్ద కచేరీకి తానే ముందు నిలబడి నడిపించటం ఆయనకు అదే మొదటిసారి. అందరూ ఎదురుచూసిన ఘట్టం "వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్" అనే పాట. గిటారు మెల్లగా ఏడుస్తున్నదని దాని పేరుకు అర్థం. 1968లో ఆ పాట రికార్డు చేసినప్పుడు ఏడ్పు పలికించిన గిటారు హారిసన్‌ది కాదు, స్నేహితుడు క్లాప్టన్‌ది. ఇప్పుడు ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడి వాయించారు. క్లాప్టన్ అప్పుడు మాదకద్రవ్యాల వ్యసనంలో కూరుకుపోయి ఉన్నాడు. రిహార్సళ్లకు రాలేకపోయాడు. ఆయన స్థానంలో వాయించటానికి జెస్సీ ఎడ్ డేవిస్ అనే మరో గిటారు విద్వాంసుణ్ణి సిద్ధంగా ఉంచారు. అయినా స్నేహితుడి మాట కాదనలేక వచ్చి నిలబడ్డాడు. తరువాతి కాలంలో ఆయన ఆ వ్యసనం నుంచి బయటపడి, 1998లో ఆంటిగ్వా ద్వీపంలో అలాంటి రోగుల కోసం చికిత్సాలయం పెట్టించాడు.

చివరి పాట హారిసన్ ఈ సందర్భానికే రాసిన "బంగ్లా దేశ్". అప్పటికి ఆ దేశం ఇంకా ఏర్పడలేదు. డిసెంబరు 16న యుద్ధం ముగియటానికి నాలుగున్నర నెలల ముందే ఆ పేరు అమెరికాలో ఇంటింటికీ తెలిసింది. ఒక్క రోజులో ఆ పేరు ప్రపంచమంతా తెలుసుకున్నదని రవిశంకర్ తరువాత సంతోషంగా చెప్పుకునేవారు.

ఫైలు కథ

ఇక మన గుమాస్తాల కంటితో చూడవలసిన భాగం. రెండు ఆటల టిక్కెట్ల వసూలు 2,43,418 డాలర్ల 50 సెంట్లు. అనుకున్నదానికి దాదాపు పది రెట్లు. నాటి మారకం రేటున సుమారు 18 లక్షల రూపాయలు. ఆ సొమ్ము ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్‌కు ఆ నెలలోనే చెక్కు రూపంలో అందింది. అంతవరకు ఏ చిక్కూ లేదు.

కచేరీని మూడు గ్రామఫోను రికార్డుల ఆల్బంగా, 1972లో సినిమాగా విడుదల చేశారు. ఆల్బంకు 1973లో గ్రామీ బహుమతి వచ్చింది. డబ్బు కూడా బాగా వచ్చింది. కాని ఆల్బం, సినిమా ఆదాయం ధర్మకార్యానికేనని ముందుగా పన్ను మినహాయింపు కాగితాలు పెట్టి ఉండలేదు. దాంతో అమెరికా పన్నుల శాఖ ఆ ఆదాయానికి అడ్డు తగిలింది. సొమ్ములో పెద్ద భాగం సంవత్సరాల తరబడి కదలకుండా ఉండిపోయింది. ఇంగ్లండులోనూ పన్ను పేచీ వచ్చింది. 1973లో హారిసన్ తన సొంత డబ్బులోంచి పది లక్షల పౌన్లకు చెక్కు రాసి అక్కడి పన్ను శాఖకు ఇచ్చాడు. 1985 నాటికి మొత్తం సుమారు కోటీ ఇరవై లక్షల డాలర్లు సహాయానికి చేరినట్లు వార్తలు వచ్చాయి. అంటే కచేరీ నాటికి అయిదేళ్ల శరణార్థి బిడ్డకు అప్పటికి పందొమ్మిదేళ్లు వచ్చి ఉంటాయి. అరియర్సు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనకు ఈ ఆలస్యం బరువు ఎంతో ఒకరు చెప్పాలా?

ఆ అనుభవం వృథా పోలేదు. 1985 జూలై 13న లండన్‌లోనూ, ఫిలడెల్ఫియాలోనూ ఇథియోపియా కరువు బాధితుల కోసం జరిగిన "లైవ్ ఎయిడ్" కచేరీలకు ఇదే మార్గదర్శి. హారిసన్ 2001లో, రవిశంకర్ 2012లో కాలం చేశారు. 2005లో యునిసెఫ్‌లో హారిసన్ పేరున నిధి ఏర్పడింది.

ఇంతకూ నేను చెప్పవచ్చినదేమంటే, ఆ 40 వేల మందిలో ఎక్కువమంది ధర్మం చేద్దామని రాలేదు. తమకు ప్రీతిపాత్రుడైన గిటారు విద్వాంసుణ్ణి కళ్లారా చూద్దామని, చెవులారా విందామని వచ్చారు. ఆ ప్రీతిని ఆయన తన గొప్పకు వాడుకోక పొరుగువాడి ఆకలి వైపు తిప్పాడు. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ తనకు తెలియకుండానే దాత అయినాడు.

రెండో మాట మన సంఘానికి. వరదలకో, తుపానుకో మనమూ విరాళాలు పోగుచేస్తూ ఉంటాము. మంచి మనసు ఉంటే డబ్బు వస్తుంది, కాగితం సరిగా ఉంటేనే అది అవసరమైన చేతికి వేళకు చేరుతుంది. రసీదు పుస్తకం, తీర్మానం, ఇచ్చే సంస్థకు 80జి రిజిస్ట్రేషను ఉన్నదీ లేనిదీ – ఇవి ముందే చూసుకోవటం చాదస్తం కాదు. ఇన్నేళ్లు ఆఫీసులో మనం నేర్చిన విద్య అది, దాన్ని మన పిల్లలకు కూడా నేర్పుదాం.

పిల్లలు, మనుమలు గిటారు పట్టుకుని గదిలో సాధన చేస్తుంటే తలుపు వేసుకోమనకండి. ఒక పూట దగ్గర కూర్చుని విని, ఈ కథ వారికి చెప్పండి.

– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు