తరగతి స్పందన సాధనాలు

తరగతిలో అడిగిన ప్రశ్నకు పిల్లలందరూ ఒకేసారి, పక్కవాళ్ల జవాబు చూడకుండా సమాధానం చెప్పడానికి, ఆ జవాబుల లెక్క అప్పటికప్పుడు టీచరుకు కనబడడానికి వాడే పరికరాలనూ యాప్‌లనూ తరగతి స్పందన సాధనాలు అంటారు. అరచేతిలో ఇమిడే క్లికర్లు, ఫోన్లలోనో ట్యాబ్‌లలోనో నడిచే కహూట్, క్విజిజ్, మెంటిమీటర్, అచ్చు కార్డులతో పనిచేసే ప్లికర్స్ ఈ కోవకు చెందుతాయి. డిజిటల్ బోర్డులు, వీడియో పాఠాలు టీచరు చెప్పదలచుకున్నదాన్ని పిల్లల దగ్గరకు చేరుస్తాయి. పిల్లల తలలో ఏముందో టీచరు దగ్గరకు చేర్చేవి స్పందన సాధనాలు. బడుల్లో డిజిటల్ చదువు గురించి మన దగ్గర జరిగే చర్చలో ఈ రెండో దిశకు దక్కవలసినంత చోటు ఇంకా దక్కలేదు.

అవసరం

"అర్థమైందా?" అని అడిగితే తరగతి మొత్తం "అర్థమైంది సార్" అంటుంది. విడిగా ప్రశ్న వేస్తే రోజూ చేతులెత్తే ఆ నలుగురే మళ్లీ ఎత్తుతారు. వాళ్లలో ఒకరు సరైన జవాబు చెప్పగానే పాఠం ముందుకు సాగిపోతుంది. మిగిలిన నలభై మందికి ఏం అర్థమైందో, ఏం కాలేదో యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దేదాకా తెలియదు. అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో సైన్సు తరగతుల టేపులను విని, ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించింది. మూడు సెకన్లో, ఇంకొంచెం ఎక్కువో ఆగిన చోట జవాబులు నిడివిగా వచ్చాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. స్పందన సాధనంతో పని పెట్టుకున్నప్పుడు అందరి జవాబులూ అందేదాకా టీచరు ఆగక తప్పదు. తప్పు చెబితే నవ్వుతారన్న భయంతో వెనక బెంచీలో ముడుచుకుని కూర్చున్న పిల్లకు కూడా ఆ లెక్కలో స్థానం ఉంటుంది.

ఈ పనికి విద్యుత్తు తప్పనిసరి ఏమీ కాదు. నోటిలెక్క అడిగి, జవాబు పలకమీద రాయించి, "పలకలు ఎత్తండి" అనే పద్ధతి మన ప్రాథమిక పాఠశాలలకు పాతదే. ఒక్క చూపులో గదంతా తెలిసిపోతుంది. హైస్కూలుకు వచ్చేసరికి పలక పోతుంది, దానితోపాటు ఆ చూపు కూడా పోతుంది.

పుట్టుక, పెరుగుదల

విద్యార్థుల కుర్చీలకు మీటలు బిగించి జవాబులు రాబట్టే ఏర్పాట్లు 1960లలోనే స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల్లో జరిగాయి. ఖర్చు ఎక్కువ, తీగల బెడద ఎక్కువ కావడంతో అవి విస్తరించలేదు. 1990లలో క్లాస్‌టాక్ అనే వ్యవస్థ కొన్ని అమెరికా కళాశాలల్లోకి వచ్చింది. ఆ తర్వాత టీవీ రిమోట్‌లా పరారుణ కిరణాలతో పనిచేసేవి, ఆపైన రేడియో తరంగాలతో పనిచేసేవి వచ్చాయి. రేడియో రకంలో పేరుపొందిన ఐక్లికర్‌ను ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర అధ్యాపకులు రూపొందించారు.

పరికరం కన్నా దాన్ని వాడే పద్ధతి ముఖ్యం. ఆ పద్ధతికి రూపమిచ్చినవాడు హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్. 1984 నుంచి అక్కడ పాఠాలు చెబుతూ, విద్యార్థుల మెప్పు కూడా పొందిన ఆయన, బలం గురించిన ప్రాథమిక భావనలను పరీక్షించే ప్రశ్నపత్రం ఒకటి తన తరగతికి ఇచ్చి చూశాడు. బరువైన లారీ, తేలికైన కారు ఢీకొన్నప్పుడు ఏది దేనిమీద ఎక్కువ బలం చూపుతుంది అన్న తరహా ప్రశ్నలవి. రెండూ ఒకదానిమీద ఒకటి సమాన బలమే చూపుతాయని న్యూటన్ మూడో నియమం చెబుతుంది. ఆ నియమాన్ని అప్పచెప్పగలిగినవాళ్లు, దానిమీద కష్టమైన లెక్కలు చేయగలిగినవాళ్లు కూడా ఇలాంటి ప్రశ్నల దగ్గర తడబడ్డారు. ఆ అనుభవంతో 1991లో మజూర్ తన తరగతి తీరు మార్చాడు. ఈ పద్ధతికి పీర్ ఇన్‌స్ట్రక్షన్ అని పేరు; తెలుగులో తోటివారి బోధన అనవచ్చు. దీనిమీద ఆయన పుస్తకం 1997లో వెలువడింది.

కొద్ది నిమిషాలు పాఠం చెప్పి, భావనను తడిమే బహుళైచ్ఛిక ప్రశ్న ఒకటి వేస్తారు. ఎవరికి వారే ఆలోచించి జవాబు నొక్కుతారు. సరైన జవాబులు సుమారు 35 నుంచి 70 శాతం మధ్య ఉంటే, ఏది సరైనదో టీచరు చెప్పడు. వేరే జవాబు ఇచ్చిన పక్కవాళ్లను ఒప్పించమంటాడు. రెండు మూడు నిమిషాల వాదన తర్వాత మళ్లీ జవాబులు తీసుకుంటారు, ఆపైనే వివరణ. శాతం అంతకన్నా తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకు వెళ్లవచ్చు. నిన్ననో మొన్ననో అర్థమైన విద్యార్థికి ఎక్కడ చిక్కుపడిందో ఇంకా గుర్తుంటుంది. ఏళ్ల తరబడి అదే పాఠం చెబుతున్న అధ్యాపకుడికి ఆ చిక్కు మరుగున పడిపోతుంది. తోటివారి వివరణకు ఉన్న బలం ఇదేనని మజూర్ వాదన.

పరిశోధనలు చెప్పేది

ఒకరికి తెలిసింది మిగతావాళ్లు కాపీ కొట్టడం వల్లే రెండో విడతలో సరైన జవాబులు పెరుగుతాయేమో అన్న అనుమానం సహజం. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు జన్యుశాస్త్ర తరగతిలో దీన్ని పరీక్షించి 2009లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. చర్చ ముగిశాక అదే భావనమీద కొత్త ప్రశ్న ఇచ్చి, ఎవరికి వారే జవాబు చెప్పాలన్నారు. అందులోనూ మెరుగుదల కనిపించింది. మొదట ఎవరికీ జవాబు తెలియని బృందాల్లో సైతం చర్చ వల్ల లాభం కలిగిందని వారు చూపారు.

2011లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అధ్యయనం ఇంకా ప్రసిద్ధం. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ ఇందులో భాగస్వామి. ఒక్కో తరగతిలో సుమారు 270 మంది. ఒకదానికి అనుభవజ్ఞుడైన ఆచార్యుడు ఉపన్యాస పద్ధతిలో పాఠం చెప్పాడు. మరోదానికి బోధనలో అంతగా అనుభవం లేని యువ పరిశోధకులు క్లికర్ ప్రశ్నలతో, బృంద చర్చలతో పాఠం నడిపారు. ఆ వారం పాఠాలు ముగిశాక పెట్టిన పరీక్షలో మొదటి తరగతి సగటు 41 శాతం, రెండోదాని సగటు 74 శాతం. రెండో తరగతిలో పాఠం మీద మనసు పెట్టినవారి సంఖ్య దాదాపు రెట్టింపైంది. వారం రోజుల ప్రయోగమే కాబట్టి ఈ తేడా ఏడాది పొడవునా ఇలాగే ఉంటుందని చెప్పడానికి లేదు.

క్యూబెక్‌లోని ఒక కళాశాలలో నథానియెల్ లాస్రీ చేసి 2008లో ప్రచురించిన పోలిక ఈ రంగంలో అందరూ చదవవలసినది. ఒకే పద్ధతిని ఒక వర్గంలో క్లికర్లతోనూ, మరో వర్గంలో అక్షరాలు రాసిన అట్టముక్కలతోనూ నడిపితే, నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. క్లికర్ వల్ల టీచరుకు లెక్క కచ్చితంగా, దాచుకోవడానికి వీలుగా దొరికింది, అంతే. బడికి పరికరాలు కొనేముందు ఆ డబ్బులో కొంత టీచర్ల శిక్షణకు పెట్టాలనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు.

ఆటగా మారిన క్విజ్

నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో ఉన్న విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు ఆల్ఫ్ ఇంగె వాంగ్ చేసిన పరిశోధన నుంచి కహూట్ పుట్టింది. 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. తెరమీద ప్రశ్న, చేతిలోని ఫోన్‌లో నాలుగు రంగుల గడులు, వెనక సంగీతం, త్వరగా సరైన జవాబు చెప్పినవారికి ఎక్కువ పాయింట్లు. బెంగళూరులో 2015లో మొదలై, 2025లో వేగ్రౌండ్‌గా పేరు మారిన క్విజిజ్‌లో ప్రశ్నలు ఎవరి తెరమీద వారికి వస్తాయి, ఎవరి వేగంతో వారు సాగవచ్చు.

కహూట్ మీద వచ్చిన 93 అధ్యయనాలను వాంగ్, మరో పరిశోధకురాలు 2020లో సమీక్షించారు. ఫలితాలు ఎక్కువగా సానుకూలమే. అయితే తెరమీది అక్షరాలు కనబడకపోవడం, ఇంటర్‌నెట్ నిలవకపోవడం, సమయం ఒత్తిడి, ఓడిపోతామన్న భయం, ఒక్క తప్పు పడితే మళ్లీ పైకి రాలేకపోవడం కూడా అందులో నమోదయ్యాయి. వేగానికి పాయింట్లు ఇచ్చే ఆట, నిదానంగా ఆలోచించే పిల్లను శిక్షిస్తుంది. ఎక్కాలు, గ్రహాల పేర్లు, పదజాలం తిరగేయడానికి ఇది బాగుంటుంది. కొత్త భావన నాటుకునే వేళ గడియారం ఆపేయడం మేలు.

ఒక్క ఫోన్‌తో తరగతి

పిల్లలు ఫోన్లు తేకూడని బడుల్లో, ఇంటర్‌నెట్ వచ్చిపోయే ఊళ్లలో ప్లికర్స్‌కు సాటి లేదు. కాలిఫోర్నియా గణిత ఉపాధ్యాయుడొకరు తన తరగతి కోసం దీన్ని తయారుచేశారు. ఒక్కో విద్యార్థికి నంబరు వేసిన ఒక కార్డు ఇస్తారు. నలుపు తెలుపు గడుల బొమ్మ ఒక్కో కార్డుమీద ఒక్కో తీరుగా ఉంటుంది. కార్డు నాలుగు అంచులకు ఎ, బి, సి, డి అక్షరాలు చాలా చిన్నవిగా ఉంటాయి. తాను అనుకున్న అక్షరం పైకి వచ్చేలా తిప్పి కార్డు ఎత్తిపట్టుకుంటే, టీచరు తన ఫోన్ కెమెరాను గదంతా తిప్పుతాడు. ఎవరు ఏ జవాబు ఇచ్చారో తెరమీద వచ్చేస్తుంది. ప్రతి కార్డు బొమ్మా వేరు కావడంతో పక్కవాడిని చూసి తిప్పుకోవడం కుదరదు. కార్డులను మామూలు కాగితం మీద ముద్రించి అట్టకు అంటించవచ్చు. మెరిసే ప్లాస్టిక్ లామినేషన్ చేయిస్తే కిటికీ వెలుతురు పడి కెమెరా తడబడుతుంది. పెద్ద తరగతికి 63 కార్డుల వరకు దొరుకుతాయి.

ప్రశ్న తయారీ

0.4, 0.35, 0.125, 0.09లలో పెద్దది ఏది? ఆరు, ఏడు తరగతులకు సరిపోయే ప్రశ్న ఇది. 0.125 ఎంచుకున్నవారు బిందువు తర్వాతి అంకెలను పూర్ణసంఖ్యగా చదువుతున్నారు. నాలుగు కన్నా నూట ఇరవై ఐదు పెద్దది కదా అని. 0.09 ఎంచుకున్నవారు తొమ్మిదిని చూశారు, దాని స్థానాన్ని చూడలేదు. సరైన జవాబు 0.4. కానీ అంకెలు తక్కువ ఉన్న దశాంశమే పెద్దదని పొరబడే పిల్లలు కూడా అదే జవాబు ఇస్తారు. వాళ్లను పట్టుకోవాలంటే వెంటనే 0.3, 0.45లలో పెద్దది ఏదని అడగాలి. ప్రతి తప్పు ఎంపిక వెనకా ఒక ఫలానా అపోహ ఉండేలా ప్రశ్న రాస్తే, వచ్చిన లెక్కను చూసి ఏం చేయాలో టీచరుకు తెలుస్తుంది. ఊరికే నింపిన ఎంపికలతో వచ్చిన శాతం ఎంత అందంగా తెరమీద కనబడినా దేనికీ పనికిరాదు. ఇలాంటి ప్రశ్నలను తెలుగు మాధ్యమం పిల్లలకు సొంత భాషలో రాసి ఇచ్చే పని పెద్ద ఎత్తున జరగాలి. యాప్‌లన్నిటికన్నా అది ముందు.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది, ఆ తర్వాత తరగతి గదుల్లో పెద్ద స్పర్శ తెరలు పెట్టింది. తెలంగాణలో టీ-శాట్ ఛానెళ్లు పాఠాలు ప్రసారం చేస్తున్నాయి. ఇవన్నీ ప్రధానంగా పాఠాన్ని చేరవేసే ఏర్పాట్లు. దేశమంతటి బడుల లెక్క తీసే యుడైస్ ప్లస్ 2023-24 నివేదిక ప్రకారం పనిచేసే కంప్యూటర్లు 57.2 శాతం బడుల్లో, ఇంటర్‌నెట్ 53.9 శాతం బడుల్లో ఉన్నాయి. ఇక మన దగ్గర నిర్మాణాత్మక మూల్యాంకనం పేరుతో జరిగే ఎఫ్‌ఏలు మార్కుల రిజిస్టరు నింపే పరీక్షలుగా స్థిరపడ్డాయి. రోజువారీ పాఠం మధ్యలో పిల్లల ఆలోచన తెలుసుకుని, ఆ గంటలోనే బోధనను సరిదిద్దుకోవడం ఆ మాట అసలు ఉద్దేశం. స్పందన సాధనం పనికొచ్చేది అక్కడే, దాని ఫలితాలకు మార్కులు కట్టనంతవరకే. మార్కులు కడితే పిల్లలు అనుకున్నది చెప్పడం మానేసి, పక్కవాళ్లు అనేది చెబుతారు.

పిల్లల వివరాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారం వాడడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ప్లికర్స్ వంటి వాటిలో పూర్తి పేర్లు ఎక్కించనవసరం లేదు. రోల్ నంబర్లు చాలు, హాజరు పట్టీ టీచరు దగ్గర ఎలాగూ ఉంటుంది.