వెడల్పు స్కీ ఎవరికి తగును?

మన సరిహద్దు గ్రామాలలో మంచు కురియదు. అయినను నాందేడ్‌లో సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉత్తరాదికి పోయి, కాశ్మీరులోని గుల్‌మార్గ్‌లో స్కీయింగ్ నేర్వదలచు పిల్లలుండవచ్చును. వారి తల్లిదండ్రులకై ఈ వివరములు.

స్కీ అనగా బూటుకు బిగించుకొని మంచుపై జారు పొడవైన పట్టె. సాధారణ స్కీకి ముందు కొన మాత్రమే బాగుగా పైకి వంగి ఉండును. ట్విన్ టిప్‌కు వెనుక కొనయు అట్లే వంగును. కావున గాలిలో గిరికీ కొట్టి వెనుకవైపుగా దిగి జారవచ్చును. 1990ల చివర సలొమన్ సంస్థ తెచ్చిన టెన్‌ఎయిటీ దీనికి ప్రాచుర్యము కల్పించినది. 1080 డిగ్రీలు, అనగా మూడు పూర్తి చుట్లు, అని ఆ పేరు.

వెడల్పు సంగతి రైతుకు చెప్పనక్కరలేదు. తడిసిన రేగడిలో కాలు దిగబడును, పలక వేసి నిలిచిన దిగబడదు. పాదము కింద 100 మిల్లీమీటర్లు దాటిన స్కీ మెత్తని మంచుపై అట్లే తేలును. గట్టి మంచుపై మాత్రము దానిని ఒక అంచు నుండి మరొక అంచుకు మళ్ళించుట ఆలస్యము, మోకాళ్ళకు శ్రమ.

విన్యాసములకు బూటును స్కీ నడిమికి దగ్గరగా, లోతు మంచుకు కొంత వెనుకకు బిగింతురు. రెండింటికీ ఒకే జత చాలునన్నది అమ్మకందారు మాట.

కొత్తవారు దీనిని కొనరాదనియే నా అభిప్రాయము. సుమారు 75 మిల్లీమీటర్ల స్కీ అద్దెకు తీసుకొనుట మేలు. లోతు మంచు ఉన్నచోట ప్రమాదమూ ఉన్నది. 2023 ఫిబ్రవరి 1న గుల్‌మార్గ్ ఎగువన అఫర్వత్ వాలుపై మంచుచరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ దేశస్థులు మరణించిరి. అటు పోవువారికి స్థానిక గైడు, సంకేత యంత్రము, పార, వెదకు కడ్డీ తప్పనిసరి.