ఒక కట్ట నుంచి ఎనిమిది కట్టలకు

బ్లాక్‌జాక్‌లో 21 దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకున్నవాడే గెలుస్తాడు. నేడు చాలా కేసినోల్లో ఆరు లేదా ఎనిమిది కట్టలు కలిపి, ‘షూ’ అనే పెట్టెలోంచి ముక్కలు తీసి పంచుతారు. 1960ల మొదట్లో నెవాడాలో ఎక్కువగా ఒకే కట్ట, అదీ డీలర్ చేతిలోనే ఉండేది. రమ్మీలో రెండు కట్టలు కలిపేది ఎక్కువమంది ఆడటానికి. ఇక్కడ కట్టలు పెరగడానికి కారణం వేరు.

అయిపోయిన ముక్కలను లెక్కపెట్టుకుంటే ఆటగాడిదే పైచేయి అవుతుందని గణితవేత్త ఎడ్వర్డ్ థోర్ప్ ఐబీఎం 704 కంప్యూటర్ సాయంతో తేల్చి, 1962లో ‘బీట్ ది డీలర్’ పుస్తకం రాశాడు. 1964 ఏప్రిల్ 1న లాస్ వెగాస్ కేసినోలు నిబంధనలు బిగించాయి. రెండు ముక్కల మొత్తం 11 అయితేనే పందెం రెట్టింపు చేయాలి, జంట ఆసులను విడదీయకూడదు అన్నాయి. జనం బల్లల దగ్గరకు రావడం తగ్గించేశారు. కొద్ది వారాల్లోనే పాత పద్ధతి తిరిగొచ్చింది. నిబంధన మారిస్తే కూర్చున్నవాడికి వెంటనే తెలుస్తుంది. కట్టలు పెంచితే అంతగా పట్టదు. నాలుగు కట్టల షూ అలా బల్లెక్కింది.

కట్టలు పెరిగితే లెక్కపెట్టడం కష్టమవుతుంది, నిజమే. లెక్కపెట్టనివాడికీ నష్టమే. ఆటగాడికి 6, 5 వచ్చాయి, డీలర్ దగ్గర 6 కనిపిస్తోంది అనుకుందాం. 21 కావాలంటే పది రావాలి. ఒకే కట్టలో మిగిలిన 49 ముక్కల్లో పది విలువ చేసేవి 16, అంటే 32.7 శాతం. ఎనిమిది కట్టల్లో అవి 413లో 128, అంటే 31 శాతమే. మిగతా నిబంధనలు మారకపోయినా ఒకటి నుంచి ఎనిమిది కట్టలకు వెళ్తే కేసినో వాటా సుమారు అర శాతం పెరుగుతుంది. అందులో సగానికి పైగా రెండో కట్టతోనే వచ్చిపడుతుంది. ఆరుకీ ఎనిమిదికీ తేడా నామమాత్రం.

అందుకే షూ ఆటల్లో చిన్న నిబంధనలే అసలు తేడా తెస్తాయి. ఆసు, ఆరుతో 17 వస్తే డీలర్ ఆగాలా, ఇంకో ముక్క తీయాలా? తీస్తే కేసినోకు మరో 0.2 శాతం. 1978లో న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో తొలి కేసినో తెరిచినప్పుడు, డీలర్ తనకు బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కలతోనే 21) వచ్చిందేమో చూసుకోకముందే సగం పందెం వదులుకుని తప్పుకునే వీలుండేది. ఆటగాడికి అంత మేలు చేసే వెసులుబాటు అరుదు. అది 1981లోనే పోయింది. లెక్కపెట్టేవాళ్లను కేసినోలు తమంతట తాము గెంటేయరాదని అలా లెక్కపెట్టి ఆడే కెన్ ఉస్టన్ కేసులో 1982లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో అక్కడ ఎనిమిది కట్టల షూ మామూలైపోయింది.

యూరప్ పద్ధతిలో డీలర్ తన రెండో ముక్కను చివర్లోనే తీసుకుంటాడు. ఈలోగా ఆటగాడు రెట్టించిన పందెం డీలర్‌కు బ్లాక్‌జాక్ పడితే మొత్తం పోతుంది. స్పానిష్ 21లో ప్రతి కట్ట నుంచీ నాలుగు పదులను తీసేసి 48 ముక్కలే ఉంచుతారు. బదులుగా ఆటగాడి 21 ఎప్పుడూ గెలుస్తుంది.

2000 తర్వాత వెగాస్‌లో ఒంటికట్ట ఆట ఆకర్షణగా మళ్లీ కనిపించింది. అయితే బ్లాక్‌జాక్ వస్తే వంద పందేనికి పాతకాలపు 150 కాదు, 120 మాత్రమే. ఇరవై ఒక్క పంపకాలకు ఒకసారి వచ్చే చేతిలో 30 కోస్తే నష్టం దాదాపు 1.4 శాతం. ఎనిమిది కట్టలు కలిపి లాక్కున్నదానికి ఇది రెట్టింపు కంటే ఎక్కువే.