అన్నదమ్ముల మేళము: సావటేజ్ చరిత్రము



నేడు నేను ప్రసంగింపబోవు విషయము మీలో పెక్కుమందికి వింతగా తోచవచ్చును. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు వ్యాకరణమును, కావ్యములను చెప్పిన ముసలి పంతులు అమెరికా దేశపు కేకల పాటలను గూర్చి మాటాడుట యేమని మీరు నవ్వినను నేను కోపగింపను. మా మనుమడు సెలవులకు వచ్చినపుడు వినుచుండిన పాట యొకటి నా చెవిని బడినది. మొదట విసుగు కలిగినది. వీధి తలుపు మూయుమని కసరితిని గూడ. పిమ్మట వాడు, “తాతయ్యా, ఈ మేళమును పెట్టినవారు ఇరువురు అన్నదమ్ములు. దీనికి వారు మొదట పెట్టుకొన్న పేరు అవతార్” అని చెప్పెను. “అది మన మాటయే కదరా!” అని దగ్గర కూర్చుంటిని. అటుపిమ్మట వారి చరిత్రమును విచారించి తెలిసికొంటిని. అందులో నాకు కన్నీరు తెప్పించిన ఘట్టమొకటి కలదు. దానిని మీతో జెప్పుకొనవలెననియే ఈ ప్రసంగము.

ముందుగా ఆ సంగీతమెట్టిదో రెండు మాటలు చెప్పెదను. దానికి పవర్ మెటల్ అని పేరు. పవర్ అనగా శక్తి, మెటల్ అనగా లోహము. విద్యుచ్ఛక్తితో పలుకు గిటారు దానికి ప్రాణము. ఉక్కు తీగె కదలినపుడు దాని క్రిందనున్న అయస్కాంతపు చుట్టలో సన్నని విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తును యంత్రము వేయి రెట్లు పెంచి పెద్ద పెట్టెల ద్వారమున శబ్దముగా వెలువరించును. దానికి తోడుగా రెండు కాళ్లతోను రెండు చేతులతోను వాయించెడి మద్దెలల వరుస యుండును. గాయకుడు తారస్థాయిని పాడును. పాటలలోని కథలు తరచుగా వీరులవి, రాజులవి, యుద్ధములవి. 1980 ప్రాంతములలో ఇది అమెరికాలోను జర్మనీలోను రూపు కట్టెను. మన పెద్ద మేళము గుడి ప్రాకారములో వినదగినదే కాని నట్టింట వినదగినది కాదు గదా. ఇదియు నట్టిదే. బయలుననుండి వినవలెను.

అన్నగారి పేరు జాన్ ఆలివా. ఇతడు 1960లో న్యూయార్కు నగరమున జన్మించెను. తమ్ముడు క్రిస్ ఆలివా 1963 ఏప్రిలులో న్యూజెర్సీ రాష్ట్రమున బుట్టెను. తరువాత ఆ కుటుంబము దక్షిణమునకు దిగి ఫ్లోరిడా రాష్ట్రము చేరెను. అచట టాంపా నగరమునకు సమీపమున తార్పన్ స్ప్రింగ్స్ అను చిన్న యూరు కలదు. సముద్రపు టడుగునకు దిగి స్పంజులను కోసి తెచ్చు గ్రీకు జాతివారికి ఆ యూరు ప్రసిద్ధి. అన్నదమ్ములు తమ మేళమును సిద్ధపరచుకొన్నది ఆ ప్రాంతముననే. అన్న పాడును, పియానో వాయించును. తమ్ముడు గిటారు. పాట కట్టుటలో వారి పద్ధతి చిత్రముగా నుండెడిది. తమ్ముడు గిటారుమీద ఒక పలుకు పట్టును. అన్న దానిని విని దానిపై రాగమును, మాటలను నిలుపును. ఒకనిది బీజము, ఒకనిది వృక్షము. ఒక యింట బుట్టి, ఒక కంచమున దిని పెరిగినవారికే అట్టి సొంపు అబ్బును గాని జీతమిచ్చి పిలిపించుకొన్నవారికి అబ్బదు.

1979 ప్రాంతమున వారు తమ మేళమునకు అవతార్ అని పేరు పెట్టుకొనిరి. మద్దెలలకు స్టీవ్ వాఖోల్జ్ అను స్నేహితుడు, బేసు గిటారునకు కీత్ కాలిన్స్ అనువాడు చేరిరి. ఊరిలోను చుట్టుపట్లను వాయించుచు నాలుగేండ్లు గడపిరి. 1983లో మొదటి రికార్డు వెలువడు తరి ఆ పేరు మరియొక మేళమువారికి ముందే కలదని తెలియవచ్చెను. పేరు మార్చక తప్పదయ్యెను. అడవి స్వభావము గలదని యర్థమిచ్చు సావేజ్ అను ఇంగ్లీషు మాటను అవతార్‌తో నతికించి సావటేజ్ అని చేసిరి. వ్యాకరణము చదివిన నాకు ఈ సంధి యే సూత్రమునకు లోబడినదో తెలియలేదు. అయినను ఆ పేరులో మన సంస్కృత శబ్దము ముక్కలై యైనను నిలిచియున్నదని తలచినపుడెల్ల నాకు ముచ్చట కలుగును.

1983లో సైరెన్స్ అనునదియు, 1984లో ది డంజన్స్ ఆర్ కాలింగ్ అనునదియు వెలువడెను. పాటలచే నావికులను రప్పించి రాళ్లపై గొట్టించెడి గ్రీకు పురాణ స్త్రీల పేరే సైరెన్స్. చిన్న కంపెనీ ముద్రించిన రికార్డులవి. అయినను వినినవారు తమ్ముని వ్రేళ్ల నేర్పును గుర్తించిరి. 1985లో అట్లాంటిక్ అను గొప్ప కంపెనీ వారిని చేరదీసెను. ఆ కంపెనీ పక్షమున పవర్ ఆఫ్ ది నైట్ అను రికార్డు వచ్చెను.

పెద్ద కంపెనీ చేరదీయుట యెంత భాగ్యమో అంత చిక్కు. 1986లో వచ్చిన ఫైట్ ఫర్ ది రాక్ అను రికార్డును తమ స్వభావమునకు భిన్నముగా, మృదువుగా, రేడియోలకు నచ్చునట్లుగా చేయవలసివచ్చెను. ఇతరులు వెనుక పాడిన పాటలను కూడ అందు చేర్చిరి. అది అటు పాతవారికి రుచింపలేదు, ఇటు క్రొత్తవారిని రప్పింపలేదు. ఆ రికార్డును గూర్చి ఆ మేళమువారే తరువాత చులకనగా మాటాడిరి. ఆ యేటనే బేసు గిటారునకు జానీ లీ మిడిల్టన్ వచ్చి చేరెను. నేటివరకును వదలక యున్నవా డతడు.

ఆ కష్టసమయమున పాల్ ఓనీల్ అను న్యూయార్కు వాడు వారికి దొరకెను. కథలు వ్రాయుటయందును, నాటకములయందును, యూరపు ప్రాచీన సంగీతమునందును అభిరుచి గలవాడు. 1987లో అతని పర్యవేక్షణమున హాల్ ఆఫ్ ది మౌంటెన్ కింగ్ అను రికార్డు తయారయ్యెను. ఇబ్సెన్ అను నార్వే నాటకకర్త రచించిన పేర్ గింట్ నాటకమునకు గ్రీగ్ అను విద్వాంసుడు సంగీతము గూర్చియుండెను. అందు కొండరాజు కొలువులోని ఘట్టము ప్రసిద్ధము. ఆ స్వరములను క్రిస్ తన గిటారు పైకి దెచ్చెను. పాత స్వరములు కొత్త తీగెలపై మ్రోగుట విని యువకులు పరవశులైరి. నేను ఈ రెంటిని పక్కపక్కన వింటిని. మొదట మెల్లగా నడచి, క్రమముగా వేగము హెచ్చి, తుదకు ఉరుమువలె విరుగుట రెంటను నొకటియే. గ్రీగ్ బ్రతికియుండిన తప్పు పట్టకుండెడివాడని నా తలంపు.

1989లో గట్టర్ బ్యాలే వచ్చెను. ఇందు అన్నగారి పియానో ముందుకు వచ్చెను. 1991లో స్ట్రీట్స్ అను సంగీతరూపకము. అది ఓనీల్ మునుపే వ్రాసిపెట్టుకొన్న కథ. మత్తుమందులమ్ముచు వీధులలో తిరిగిన యొక గాయకుడు కీర్తి నార్జించి, పడిపోయి, మరల లేవజూచిన వృత్తాంతము. మన హరిదాసులు ఒక్క రాత్రిలో కథనంతయు నడపినట్లు ఆ రికార్డు మొదలునుండి తుదివరకు ఒకే కథగా నడచును.

1992లో జాన్ గాయకుని స్థానమును వదలుకొనెను. కంఠము నలిగియుండెను. వేరు పనులును మీద బడెను. అయినను తమ్మునితో పాటలు కట్టుట మానలేదు. క్రొత్త గాయకుడు జాక్ స్టీవెన్స్ పాడగా 1993లో ఎడ్జ్ ఆఫ్ థార్న్స్ వెలువడెను. మా మనుమడు వినుచుండినది ఈ పాటయే. పియానో ఒంటరిగా మొదలుపెట్టును. తరువాత గిటారు వచ్చి దాని చేయి పట్టుకొనును. అప్పటికి ఆ మేళమునకు పదునాలుగేండ్లు. తమ్మునికి ముప్పది. ఇక మంచి దినములు వచ్చినవని యందరును దలచిరి.

ఆ యేడు అక్టోబరు 17వ తేది వేకువజామున క్రిస్ తన భార్యతో కలసి కారులో జెఫిర్‌హిల్స్ అను నూరి సమీపమున పోవుచుండెను. అచట జరుగు సంగీతోత్సవమునకు ప్రయాణము. మద్యము త్రాగి కారు నడపుచున్న యొకడు బాట తప్పి యెదురుగ వచ్చి గ్రుద్దెను. క్రిస్ అక్కడికక్కడనే ప్రాణములు విడిచెను. భార్య దెబ్బలు తిని బ్రతికి బయటపడెను.

యుద్ధకాండమున లక్ష్మణుడు మూర్ఛిల్లినపుడు శ్రీరామచంద్రుని దుఃఖ మెట్టిదో మీ రెరుగుదురు. పురాణ కాలక్షేపములలో ఆ ఘట్టము వచ్చినపుడు కన్నీరు పెట్టని పెద్దవారిని నేను చూడలేదు. అయితే అచట సంజీవి వచ్చినది. ఇచట రాలేదు.

జాన్ ఏమి చేసెనో వినుడు. మేళము కట్టిపెట్టవలయునా, నిలుపవలయునా యను ప్రశ్న వచ్చెను. తమ్ముడు లేని మేళమునకు ఆ పేరే తగదని పలికినవారు నాడును గలరు, నేడును గలరు. వారి మాట యందు న్యాయము లేకపోలేదు. కాని మేళము ఆగిన తమ్ముని సంగీతము కూడ మరుగుపడునని అన్న తలచెను. 1994లో హ్యాండ్‌ఫుల్ ఆఫ్ రెయిన్ అను రికార్డు వచ్చెను. దానిపై వాద్యగాండ్ర పేర్లు ముద్రింపబడినవి గాని, గిటారులో పెద్దభాగము, బేసు, మద్దెలలు, పియానో మున్నగువానిని జాన్ తానే వాయించెను. ఒక యింటిలో చావు జరిగిన పిదప పనులన్నియు మీద వేసికొని పగలు రాత్రి తిరుగు పెద్దకొడుకును మీరు చూచియుందురు. ఏడ్చుటకు అతనికి తీరిక యుండదు. ఇదియు నట్లే యని నాకు తోచినది. తమ్ముడు వాయింపవలసిన నేర్పరి పలుకులకు మాత్రము టెస్టమెంట్ అను మేళమునుండి అలెక్స్ స్కోల్నిక్ అను గిటారు విద్వాంసుని పిలిపించుకొనెను. రికార్డు తుదను అలోన్ యూ బ్రీత్ అను పాట కలదు. అది తమ్ముని స్మృతికై కట్టబడినది.

1995లో వచ్చిన డెడ్ వింటర్ డెడ్ మరియొక దేశపు దుఃఖమునకు సంబంధించినది. బోస్నియా దేశమున యుద్ధము జరుగుచుండిన కాలమది. 1992లో సరయేవో నగరమున రొట్టెలకై వరుసలో నిలిచిన జనముపై గుండు పడి ఇరువదిమందికి పైగా చనిపోయిరి. ఆ తరువాత వెడ్రాన్ స్మాయిలోవిచ్ అను చెల్లో వాద్యకారుడు కచేరికి ధరించు దుస్తులతో శిథిలముల నడుమ కూర్చుండి వాయించెను. ఓనీల్ ఈ సంగతి నాధారముగా జేసికొని కథ యల్లెను. అందు సెర్బు యువకుడును ముస్లిము కన్యయు ఎదురెదురు పక్షములలో నుందురు. ప్రతి రాత్రియు గుండ్ల మ్రోతల నడుమ ఒక వృద్ధుని చెల్లో ఇరువురకును వినవచ్చుచుండును. క్రిస్మసు ముందటి రాత్రి అది వినరాదు. ఏమైనదో యని చూడవచ్చిన ఇరువురును మంచుపై పడియున్న వృద్ధుని కళేబరము కడ కలసికొందురు. ఈ కథలో మాటలు లేని వాద్యగీత మొకటి కలదు. ఇంగ్లండు నాటి క్రిస్మసు పాటయు, ఉక్రెయిను దేశపు లియొంటోవిచ్ కూర్చిన గంటల పాటయు అందు పెనగొనియుండును.

ఇక విచిత్రము వినుడు. 1996లో జాన్, ఓనీల్ మొదలగువారు ట్రాన్స్-సైబీరియన్ ఆర్కెస్ట్రా అను క్రొత్త పేరుతో క్రిస్మసు కథల రికార్డు వెలువరించి, అందు ఈ వాద్యగీతమునే మరల జేర్చిరి. అమెరికాలోనే అది ముప్పది లక్షలకు మించి అమ్ముడయ్యెను. 1999 మొదలు ఆ ఆర్కెస్ట్రా శీతకాలములలో ఊరూర కచేరీలు చేయసాగెను. పాట అదియే. వాయించిన చేతులు అవియే. పేరు మారినంతనే ఇంటింటికి చేరినది. సావటేజ్ అను పేరు విని మొగము త్రిప్పుకొను గృహస్థులు ఆ పాటను పిల్లలకు వినిపించిరి. నేనును మొదట తలుపు మూయుమన్నవాడనే గనుక వారిని ఏమనుటకును నాకు నోరు రాదు.

మిగిలినది త్వరగా జెప్పెదను. 1997లో ది వేక్ ఆఫ్ మాగెల్లన్ వచ్చెను. చావగోరి నడిసముద్రమునకు పోయిన ముసలి నావికుడు మునిగిపోవుచున్న మరియొకనిని రక్షించుట అందలి కథ. 2001లో వచ్చిన పోయెట్స్ అండ్ మాడ్‌మెన్ అను రికార్డు కెవిన్ కార్టర్ అను దక్షిణాఫ్రికా ఛాయాచిత్రకారుని జీవితమును తలపించును. సూడాను కరువులో కృశించిన శిశువును, దాని వెనుక వ్రాలిన రాబందును చిత్రించి 1994లో పులిట్జర్ బహుమానమునంది, ఆ యేటనే ఆత్మహత్య చేసికొన్నవా డతడు. ఈ రికార్డులో జాన్ మరల తానే ప్రధాన గాయకుడయ్యెను. దాని తరువాత మేళము మౌనము వహించెను. ఆర్కెస్ట్రా పనియే వారి కాలమునంతయు తినివేసెను.

2015లో జర్మనీ యందలి వాకెన్ గ్రామమున, పొలములలో జరుగు గొప్ప ఉత్సవమునందు, సావటేజ్ మరల నిలిచెను. రెండు వేదికలు ప్రక్కప్రక్కన. ఒకదానిపై సావటేజ్, ఒకదానిపై ఆర్కెస్ట్రా. తుదను రెండును కలసి వాయించిరి. 2017 ఏప్రిలులో పాల్ ఓనీల్ మరణించెను.

2025 ఏప్రిలులో బ్రెజిల్ దేశపు సావో పౌలో నగరమున మేళము మరల కచేరి చేసెను. జాన్ ఆరోగ్యము చెడియుండుటచే అతడు ప్రయాణము చేయలేకపోయెను. జాక్ స్టీవెన్స్ పాడెను, మిడిల్టన్ తన బేసు తోడను, క్రిస్ కాఫరీ, అల్ పిట్రెల్లి గిటారులతోడను నిలిచిరి. 1991 నాటి రూపకములోని బిలీవ్ అను పాట వచ్చినపుడు వేదిక వెనుక తెరపై జాన్ పియానో యొద్ద కూర్చుండి కనబడెను. మొదటి చరణము అతడు తెరమీదనుండి పాడెను. తరువాత క్రిందనున్నవారు అందుకొనిరి.