తొలగించిన గొంతు

డెట్రాయిట్ నగరం పేరు చెప్పగానే మోటారు కర్మాగారాలు స్ఫురిస్తవి. ఆ నగరంలో 1959లో నల్లజాతి బాలికలు నలుగురు 'ప్రైమెట్స్' అనే పేరుతో పాడనారంభించారు. 1961లో మోటౌన్ అనే గానముద్రణ సంస్థ వారిని చేర్చుకొని, పేరు మార్చుకొమ్మన్నది. 'సుప్రీమ్స్' అనే పేరును ఎంచినది ఫ్లోరెన్స్ బల్లార్డ్. 1964 మొదలు 1969 వరకు ఆ బృందం పాటలు పన్నెండు అమెరికాలో ప్రథమస్థానం అందుకొన్నవి. అయితే పేరు పెట్టిన మనిషి ఆ వైభవాన్ని చివరిదాకా చూడలేదు.

బల్లార్డుది చర్చి గానంలో పండిన నిండు గొంతు. భక్తిగీతాల ఆవేశం లౌకిక గీతాలలో ప్రవేశించగా పుట్టిన ఫణితిని అక్కడివారు 'సోల్' అంటారు. ఆమె గొంతు ఆ జాతిది. సంస్థాధిపతి బెర్రీ గోర్డీ ప్రధాన గానాన్ని డయానా రాస్ సన్నని గొంతుకు అప్పగించాడు. వ్యాపారదృష్టితో చూస్తే ఆ లెక్క తప్పలేదు. 1967లో బృందం పేరుకు ముందు రాస్ పేరు చేరింది. ఆ ఏడే బల్లార్డును తొలగించారు. తరువాత ఆమె ఇల్లు పోగొట్టుకొన్నది, ప్రభుత్వ సహాయంతో బ్రతికింది. 1976 ఫిబ్రవరిలో, ముప్పది రెండవ యేట, గుండెజబ్బుతో మరణించింది.

1981 డిసెంబరులో న్యూయార్కు నాటకరంగం మీద 'డ్రీమ్‌గర్ల్స్' అనే సంగీతనాటకం వెలసింది. టామ్ ఐయెన్ మాటలూ పాటలూ వ్రాయగా హెన్రీ క్రీగర్ సంగీతం కూర్చాడు. మైకేల్ బెన్నెట్ దర్శకుడు. ముగ్గురు బాలికల బృందం. అందులో గొప్ప గొంతు గల ఎఫీ వైట్‌ను వెనుకకు నెట్టి, కంటికి ఇంపైన డీనాను ముందు నిలిపి, చివరకు ఎఫీని వెళ్లగొట్టడం ఇతివృత్తం. ఇది సుప్రీమ్స్ కథ కాదని కర్తలు అంటూ వచ్చారు. కాని ఆ బృందపు మేరీ విల్సన్ 1986లో ఆత్మకథ వ్రాసి దానికి 'డ్రీమ్‌గర్ల్' అనే పేరే పెట్టుకొన్నది! అంతకుమించిన సాక్ష్యం అక్కరలేదు.

ఎఫీగా పాడిన జెన్నిఫర్ హాలిడేకు 1982లో టోనీ బహుమతి లభించింది. ప్రథమాంకం చివర, పొమ్మన్నా పోనని ఎఫీ పాడే పాట హాలిడే సొత్తన్నంతగా ప్రసిద్ధికెక్కింది. సినిమా తీయబూనిన వారికి అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. మన చిత్రాలలో ముఖం ఒకరిది, గొంతు మరొకరిది కావటం అలవాటు. భానుమతి వలె తమ పాట తామే పాడుకొన్న తారలు కొద్దిమంది. ఎఫీ విషయంలో అరువు గొంతు చెల్లదు. ముఖం కోసం గొంతును త్రోసివేయటమే గదా ఆమె కథ! ఆ కథను ఎరువు గొంతుతో చెబితే కథే అబద్ధమౌతుంది.

దర్శకుడు బిల్ కాండన్ ఏడువందల మందికి పైగా గాయనులను పరీక్షించాడని ప్రతీతి. చివరకు ఎన్నికైనది చికాగోకు చెందిన జెన్నిఫర్ హడ్సన్. చర్చిలో పాడి పెరిగిన పిల్ల. 2004లో 'అమెరికన్ ఐడల్' అనే టెలివిజన్ పోటీలో ఏడవ స్థానంతో వెనుదిరిగింది. సినిమాలో అంతకుముందు నటించి యెరుగదు. ప్రేక్షకుల తీర్పులో ఓడిన గొంతుకే, త్రోసివేయబడిన గాయని పాత్ర దక్కింది. డీనా వేషానికి బియాన్సే నోల్స్ సన్నబడింది. ఎఫీ వేషానికి హడ్సన్‌ను ఒళ్లు చేయమన్నారు. కథలోని అన్యాయం వేషధారణలో కూడ తొంగిచూచినట్లున్నది.

2006లో చిత్రం వచ్చింది. ఆ పాట హడ్సన్ పాడుతూ ఉంటే నటనను గానంనుంచి విడదీయటం సాధ్యం కాదు. నాకు రుచించనిది చివరి ఘట్టం. బృందం వీడ్కోలు కచేరీలో ఎఫీ తిరిగివచ్చి తోటివారితో కలిసి పాడుతుంది. రంగస్థలానికి ఆ ముగింపు అవసరమే కావచ్చు. కాని డెట్రాయిట్‌లో అటువంటి కచేరీ జరుగలేదు.

2007 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ బహుమతి అందుకొంటూ హడ్సన్ దానిని ఫ్లోరెన్స్ బల్లార్డ్‌కు అంకితం చేసింది. మరుసటి నెలలో ఆమెకు ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. ఆ నెలలోనే చిత్రనిర్మాణ సంస్థలు సినీపత్రికలలో క్షమాపణ ప్రకటన వేయించినవి. కథలో తమ చిత్రణ పట్ల నొచ్చుకొన్న గోర్డీనీ, మోటౌన్‌నూ ఉద్దేశించి వేసిన ప్రకటన అది.