సున్నం మాడ్చిన కంటికి నోటి పొర

గుడివాడ చుట్టుపక్కలా, దివిసీమలోనూ చేపల చెరువుల గట్లమీద సున్నం బస్తా విప్పి చల్లడం మామూలు పని. గాలి ఎదురుతిరిగి ఆ పొడి కంట్లో పడిందా, యాసిడ్ కన్నా ఎక్కువ చేటు. క్షారం కణాల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోలోపలికి దిగిపోతుంది. నల్లగుడ్డు అంచున రక్తనాళాలు మాడిపోతే పక్కనున్న తెల్లగుడ్డుకు పోషణ అందదు. కంటికి గోడలాంటి ఆ పొర పలచబడుతుంది, కరుగుతుంది, ఒక్కోసారి చిల్లి పడుతుంది. ఇలాంటి కంటికి నోటి పొర అతికించే వైద్యం చరిత్రలో సున్నం గాయాలకు పెద్ద చోటుంది. మాడిన కంటిపొరను కోసేసి అక్కడ నోటి లోపలి పొర కుట్టే పద్ధతిని డెనిగ్ అనే వైద్యుడు 1912లోనే వివరించాడు. 1963లో రోమ్‌లో స్ట్రాంపెల్లి, రోగి పంటిలోనే కటకం బిగించి కంట్లో అమర్చినప్పుడు దానిమీద కప్పింది బుగ్గ లోపలి పొరనే. 2004లో జపాన్‌లో నిషిదా బృందం నోటి కణాలను ల్యాబ్‌లో పలుచని రేకుగా పెంచి నలుగురు రోగుల కళ్లకు వేసింది.

ఇన్నేళ్లుగా వైద్యులు నోటి దగ్గరికే రావడానికి కారణాలున్నాయి. ఆ పొర తడిలో బతకడానికి అలవాటుపడినది. రోగి సొంతది కాబట్టి శరీరం తిప్పికొట్టదు. కోసిన చోటు త్వరగా మానుతుంది, మచ్చ బయటికి కనబడదు. నేత్రదానంలో వచ్చిన కార్నియా ఉండగా ఇదెందుకని అడగవచ్చు. పొడిబారి, రెప్పలు గరుకెక్కిన కంట్లో ఎంత మంచి కార్నియా పెట్టినా నిలవదు. మందులు వికటించి వచ్చే స్టీవెన్స్ జాన్సన్ జబ్బులో ఇది స్పష్టంగా తెలుస్తుంది. రెప్ప అంచు గట్టిపడి, రెప్ప వేసిన ప్రతిసారీ నల్లగుడ్డును గీరుతుంది. అక్కడ పెదవి లోపలి పొర కుట్టి చూపు కాపాడవచ్చని, ముఖ్యంగా పిల్లల్లో, హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు తమ ఫలితాలతో చూపించారు. 

నోటి పొర అన్నిటికీ మందు కాదన్న మాట నిజం. అది పారదర్శకం కాదు, అద్దంలాంటి నల్లగుడ్డు స్థానాన్ని భర్తీ చేయలేదు. అతికిన చోట రక్తం అందకపోతే అదీ చచ్చిపోతుంది. అందుకే తెల్లగుడ్డు బాగా దెబ్బతిన్నప్పుడు, చుట్టూ ఉన్న రక్తనాళాల పొరను ముందుకు లాగి దానిమీద దీన్ని పరుస్తారు. చిల్లే పడితే ముందు దాత తెల్లగుడ్డు ముక్కతోనో మరో అతుకుతోనో మూయాలి. గుట్కాతో నోరు బిగుసుకుపోయిన మనిషికి కోయడానికి మంచి పొర దొరకడమే కష్టం. ఈ పరిమితులన్నీ లెక్కలోకి తీసుకున్నా, దీన్ని ఏ దారీ లేనప్పుడు వేసే ఆఖరి అతుకుగా చూడటం పొరపాటు. బందరు నుంచి వెళ్లిన రోగికి డాక్టరు “కార్నియా సంగతి తర్వాత, ముందు పెదవి పొర వేద్దాం” అన్నాడంటే వైద్యం వాయిదా వేసినట్టు కాదు, మొదలుపెట్టినట్టు.