కడరా భోజన చిత్రం: మోర్గెన్ రాగిరేకు నుండి గోదావరి డెల్టా ఇళ్ల దాకా

ఉపోద్ఘాతం

గోదావరి డెల్టాలోని క్రైస్తవ గృహాలలో కడరా భోజన చిత్రం సుపరిచితం. దానిని లియొనార్డో డావిన్చి చిత్రమనడం పరిపాటి. అయితే 19వ శతాబ్దంలో ఆ చిత్రాన్ని లోకానికి చేరవేసినది మూలచిత్రం కాదు, రాగిరేకుపై చెక్కి అచ్చువేసిన ప్రతి. ఈ మార్పు చిత్రార్థాన్ని ఎలా ప్రభావితం చేసిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

రాగిరేకు నిర్ణయించిన అర్థం

మిలాన్‌లోని సాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠ భోజనశాలలో లియొనార్డో సుమారు 1495–98 మధ్య ఈ చిత్రాన్ని రచించాడు. ఆరిన గోడపై రంగులు వేసినందున అది కొన్ని దశాబ్దాలకే పెచ్చులూడసాగింది. 1652లో గోడకు వాకిలి తీయగా క్రీస్తు పాదాలున్న భాగం పోయింది. ఇటువంటి శిథిల చిత్రానికి 1800లో రఫాయెల్లో మోర్గెన్ స్పష్టమైన రూపమిచ్చాడు. తెయోదొరో మత్తెయీని గీసిన రేఖాచిత్రం అతనికి ఆధారం. నిశ్చలమైన రేఖలు, తీర్చిన కొలతలు, శిల్పాన్ని తలపించే వెలుగునీడలు నియోక్లాసికల్ అభిరుచికి చెందినవి. లియొనార్డో చిత్రంపై 1817లో వ్యాసం రాసిన గోథే కూడా ఈ ప్రతినే పాఠకుల ముందుంచాడు.

మోర్గెన్ చిత్రం అడుగున మత్తయి సువార్త వాక్యం లాటిన్‌లో ఉంది. శిష్యులలో ఒకడు తనను అప్పగిస్తాడని క్రీస్తు పలికిన మాట అది. అంటే ఇక్కడ చిత్రవస్తువు ద్రోహ ప్రకటన. రొట్టె పంచడం కాదు.

డెల్టా సందర్భం

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట భారతదేశానికి వచ్చిన విలియం బౌడన్, జార్జి బీర్ నరసాపురం ప్రాంతంలో బ్రదరన్ సేవను ప్రారంభించారు. ఆ సంఘాల ఆరాధనకు ప్రతి ఆదివారం రొట్టె విరిచే ఆచారమే కేంద్రం. మందిరంలో పటాలకు చోటు లేదు. రాజమండ్రిలో 1845లో వాలెట్‌తో మొదలైన లూథరన్ సంప్రదాయం చిత్రాలను అంతగా నిషేధించలేదు. అంటరానివారిగా పరిగణింపబడిన వర్గాల నుండే ఎక్కువమంది ఈ సంఘాలలో చేరారు. ఎవరి పంక్తిలో ఎవరు కూర్చోవాలో కులం నిర్ణయించిన సమాజంలో, ఒకే రొట్టెను, ఒకే పాత్రను పంచుకోవడం సామాజిక చర్య కూడా.

జనాదరణ పొందిన రంగుల పటాలలో లాటిన్ వాక్యం సాధారణంగా కనిపించదు. వాక్యం తొలగడంతో దృష్టి యూదా నుండి బల్లపైకి మళ్లే అవకాశం కలిగింది. ద్రోహ ప్రకటన చిత్రాన్ని సహపంక్తి చిత్రంగా చదువుకోవడానికి వీలు చిక్కింది.

ముగింపు

కాబట్టి ఈ పటాన్ని యూరోపియన్ కళకు నాసిరకం నకలుగా కొట్టివేయడం సరికాదు. శిథిలమైన గోడ, మోర్గెన్ రేకు, చవక అచ్చు, డెల్టాలోని పంక్తి భోజన చరిత్ర — ఈ నాలుగింటినీ కలిపి చదివినప్పుడే అది చారిత్రక ఆధారమవుతుంది.